రెండు నంబర్లు తగ్గిన పళ్ళు

ఆ వీధిలో ఆయన్ని అందరూ పళ్ళ మేస్త్రీ అంటారు. ఇటుకల మేస్త్రీ ఇళ్ళు కడితే ఈయన నోళ్ళు కడతాడు. డాక్టర్లు మెత్తటి ముద్దలో పంటి అచ్చు తీసి పంపిస్తే, అందులో సుద్ద పోసి, అది గట్టిపడ్డాక దాని కొలతకి పింగాణీ పన్ను చేసి, రంగు కలిపి, కొలిమిలో కాల్చి, పెట్టెలో పెట్టి తిప్పి పంపడం ఆయన పని. ముప్పై ఏళ్ళుగా అదే ల్యాబు, అదే కిటికీ, అదే స్టూలు. ఆయన చేసిన పళ్ళతో చాలామంది నవ్వుతున్నారు గానీ, వాళ్ళలో పదిమంది మొహాలు కూడా ఆయన ఎరగడు.

ఆయనకి ఇంకో పేరు కూడా ఉంది. అది ఆయన స్టూలు దిగి చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు మాత్రమే వినిపిస్తుంది. అనుమానాల మేస్త్రీ. తాళం వేసి నాలుగు మెట్లు దిగుతాడు, మళ్ళీ ఎక్కి లాగి చూస్తాడు. పుచ్చకాయలమ్మే మనిషి నవ్వుతూ కాయ అందిస్తే, ఎందుకు నవ్వాడా అని ఆ కాయ పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంటాడు. వాన పడుతుందని రేడియోలో చెప్పినా గొడుగు పట్టుకెళ్తాడు, పడదని చెప్పినా పట్టుకెళ్తాడు.

ఈ గుణం ఇంట్లో ఎంత చేటో పనిలో అంత మేలు. పింగాణీ పలకలు వరసగా గుచ్చిన పట్టీ ఒకటి ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో ఉంటుంది. ఒక్కో పలకకి ఒక అక్షరం, ఒక నంబరు; నంబరు పెరిగే కొద్దీ రంగు ముదురు. ట్యూబులైటు కింద కనిపించే రంగుని ఆయన నమ్మడు. లిప్‌స్టిక్ పక్కన కనిపించే రంగుని నమ్మడు. పొడిగా ఆరిన పన్నుని అసలే నమ్మడు, ఎందుకంటే ఆరిన పన్ను లేని తెలుపు చూపిస్తుంది. కిటికీ వెలుతురులో, ఉమ్మి తడితో ఉన్న పన్నుదే అసలు రంగు. అలా చూసీ చూసీ ఆయనకి మనుషులంతా నంబర్లైపోయారు. ఎదురింటాయన బి మూడు. ల్యాబు ఓనరు సి రెండు. సొంత భార్య ఏ మూడున్నర.

ఆ ఆదివారం పొద్దున ఆవిడ వంటగది కిటికీ దగ్గర నిలబడి, ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతూ పకపకా నవ్వింది. మేస్త్రీ పేపర్లోంచి తలెత్తాడు. ఎత్తినవాడు మళ్ళీ దించలేదు. వెలుతురు బాగుంది, పళ్ళు తడిగా ఉన్నాయి, మధ్యలో ఏ అడ్డూ లేదు. ఆవిడ నవ్వితే ఎక్కువగా కనబడేది కింది వరసే, అది ఏ రెండు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఏ మూడున్నరగా ఉన్న నోరు ఏ రెండు ఎలా అయింది? వయసు మీదపడే కొద్దీ పళ్ళ రంగు ముదురుతుంది గానీ లేతపడదు కదా.

"ఏంటలా చూస్తున్నారు?" అంది ఆవిడ ఫోను పెట్టేసి.

"ఏం లేదు."

మేస్త్రీ నోట ఏం లేదు అన్న మాట వచ్చిందంటే చాలా ఉన్నట్టే. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడకి ఆ సంగతి తెలుసు. కానీ ఆ పూట ఆవిడ కూడా ఎందుకో రెట్టించలేదు. ఆయన అదీ గమనించాడు.

ముందు తన కళ్ళనే అనుమానించాడు. శుక్లాలేమోనని వీధి దాటి వెళ్ళి ఎదురింటాయన్ని పనిగట్టుకుని పలకరించాడు. ఆయన నవ్వాడు. బి మూడే. కళ్ళలో లోపం లేదు. తర్వాత టూత్‌పేస్టుని అనుమానించాడు. ట్యూబు పాతదే, సగం వాడిందే. ఇక మిగిలింది మనిషి. యాభై రెండేళ్ళు వచ్చాక పళ్ళు తెల్లబరుచుకోవాలని ఎందుకు బుద్ధి పుట్టింది? అదీ మూడో కంటికి తెలియకుండా? ఎవరు చూడాలని?

అడిగితే పోయేది. కానీ అనుమానపు మనిషి అడగడు. అడిగితే జవాబొస్తుంది, జవాబొస్తే అనుమానం పోతుంది, ఇక ఆ మనిషికి మిగిలేదేముంది?

ఆవిడ లైబ్రరీలో పనిచేస్తుంది. పుస్తకాలిచ్చే కౌంటరు. మంగళవారం మేస్త్రీ ల్యాబులో తలనొప్పని చెప్పి, లైబ్రరీకి వెళ్ళి పత్రికల గదిలో మూలన కూర్చున్నాడు. ఆ గదికీ కౌంటరుకీ మధ్య గాజు తలుపు. రెండు గంటలు కాపు కాశాడు. ఆవిడ పుస్తకం తీసుకుంటుంది, తేదీ ముద్ర కొడుతుంది, తిరిగిస్తూ నవ్వుతుంది. చేతికర్ర ముసలాయనతో నవ్వింది. పరీక్షల పుస్తకం కోసం వచ్చిన అమ్మాయితో నవ్వింది. ఉత్తరాలిచ్చే మనిషితో నవ్వింది. అందరికీ ఒకటే నవ్వు, ఒకటే కొలత. అందులో ప్రత్యేకంగా ఎవరికీ వాటా లేదు. మేస్త్రీకి కాస్త సిగ్గేసింది, కాస్త నిరాశ కూడా కలిగింది.

లేవబోతుండగా ఆవిడ కూలరు దగ్గరికి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు పట్టుకుంది. ఒక్క గుక్క తాగగానే ఎడం కన్ను గట్టిగా మూసుకుపోయింది. చెయ్యి గడ్డం మీదికి పోయింది. అలా నిలబడే ఉండిపోయింది, మేస్త్రీ లోపల్లోపలే ఇరవై దాకా లెక్కపెట్టేవరకూ. తర్వాత మిగిలిన నీళ్ళు కుండీలో పారబోసి మళ్ళీ ముద్ర అందుకుంది.

మేస్త్రీ అంతసేపూ ఎవరికోసం అని తవ్వుతున్న అనుమానం ఒక్కసారిగా మళ్ళిపోయింది. ఏం పెట్టుకుంది నోట్లో? ఏం చేసుకుంటోంది?

ఆవిడ ఇంటికి రాకముందే ఆయన ఇల్లు చేరాడు. బీరువా వెతికాడు, మందుల డబ్బా వెతికాడు, చివరికి ఆవిడ కుట్టు సామాను పెట్టెలో దారపు ఉండల కింద దొరికింది. పారదర్శకమైన మెత్తటి తొడుగు, కింది పళ్ళ వరసకి సరిపోయేది. పక్కనే సూది లేని సిరంజీలు మూడు, రెండు ఖాళీ. వాటి మీద మందు పేరు లేదు, ఎంత ఘాటో లేదు. తెల్ల పువ్వు బొమ్మ మాత్రం ఉంది.

తొడుగుని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. ఎవడు చేశాడో గానీ బాగా చేశాడు అనుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. ఎడమవైపు చివర, లోపలి మూలన, ఏటవాలుగా చిన్న గాటు కనబడింది.

ల్యాబులో పనిచేసేది నలుగురు. ఎవరి పనిలో తేడా వచ్చినా వాళ్ళకే తిరిగొస్తుంది గనక, ఎవరి ఆనవాలు వాళ్ళు పెట్టుకుంటారు. ఎడమ మూలన ఏటవాలు గాటు ఈయనది.

మేస్త్రీ అక్కడే మంచం మీద కూలబడ్డాడు. గుర్తొచ్చింది. మూడు వారాల కిందట, పేర్లు లేకుండా నంబర్లతో వచ్చిన సుద్ద అచ్చుల్లో ఇదొకటి. చీటీ మీద రెండు ముక్కలే: కింది వరస, మెత్తటి తొడుగు. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకి కాబోలు అనుకుని, అలాంటి వాటికి ఎప్పుడూ చేసినట్టే అంచులు చిగురు మీదికి దిగేలా పొడుగ్గా వదిలాడు. తెల్లబరిచే మందుకైతే అలా వదలకూడదు. పన్నూ చిగురూ కలిసే గీత వెంట అలలు అలలుగా కత్తిరించాలి, లేకపోతే మందు చిగురు మీద నిలిచిపోతుంది. ఎందుకీ తొడుగు, ఎవరికీ తొడుగు అని ఒక్క ముక్క అడగలేదు. వేసిన తాళాన్ని నమ్మని మనిషి ఆ రెండు ముక్కల చీటీని కళ్ళు మూసుకుని నమ్మేశాడు. అక్కడే పప్పులో కాలేశాడు.

అంతకంటే ఇంకోటి ఆయన్ని ఎక్కువ కోసింది. ఆ అచ్చుని అరగంట సేపు చేతుల్లో తిప్పాడు. వంకరగా పక్కదాని మీదికి ఒరిగిన పన్ను, ఎప్పుడో మెట్ల మీద పడ్డప్పుడు పగులు తీసిన ముందు పన్ను, అన్నీ అందులో ఉన్నాయి. అయినా పోల్చుకోలేదు. సుద్దకి రంగుండదు. నంబరు తీసేస్తే ఆయనకి కట్టుకున్న భార్య నోరే తెలియలేదు.

సాయంత్రం ఆవిడ వచ్చి సంచి పెట్టేసరికి తొడుగు బల్ల మీద ఉంది.

"ఇదెక్కడిది?"

ఆవిడ దాని వైపు చూసింది. నీళ్ళు నమల్లేదు. "మా లైబ్రరీ వెనక పార్లర్ ఉంది కదా, అక్కడ. ఆ పార్లరావిడే అచ్చు తీసింది. ఎక్కడో చేయించి తెప్పించింది."

"ఎక్కడో కాదు, నేనే చేశాను. డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చుగా?"

"ఏ డాక్టర్ దగ్గరికి వెళ్తే మీకు తెలియదు? అందరూ మీవాళ్ళేగా. నేను ఇల్లు చేరేలోపు మీకు ఫోనొస్తుంది."

"నాకు తెలిస్తే ఏమైంది?"

ఆవిడ చెప్పుల పట్టీ విప్పుకుని, లేచి, కుర్చీలో కూర్చుంది. "పోయిన ఏడాది మా లైబ్రరీ వాళ్ళు భోజనానికొచ్చారు గుర్తుందా? అందరి ముందూ మీ రంగుల పట్టీ తీసి నా నోటి దగ్గర పెట్టారు. ఏ మూడున్నర, ఇంకో పదేళ్ళకి నాలుగు అన్నారు. అందరూ నవ్వారు."

"నువ్వూ నవ్వావు."

"నవ్వక ఏం చెయ్యను? అప్పట్నుంచీ, ఇవి తెల్లబడేదాకా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వాను. మీరు చూడలేదు. ఎలా చూస్తారు, పళ్ళు కనబడితేగా నా వైపు చూసేది."

 ఎవరి మాటలోనైనా లొసుగు పట్టగలిగిన మేస్త్రీకి ఈ మాటని ఎటు తిప్పి చూసినా ఎక్కడా లొసుగు దొరకలేదు. "ఒకసారి నోరు తెరువు" అన్నాడు. ఆవిడ తెరిచింది. కింది చిగురు అంచు వెంట తెల్లటి గీత, పొర లేచినట్టు. ఆయన పనంతా చిగురు మీద అచ్చంగా అచ్చు పడింది.

మర్నాడు భార్యని, తను పళ్ళు చేసిచ్చే ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె చిన్న వయసు మనిషి, కంగారు పెట్టదు. మేస్త్రీ చేసే పని మీద ఆవిడకి గురి. సిరంజీలో మిగిలిన మందుని ఒక చుక్క తీసి, అప్పుడే చిగురు తుడిచిన దూది మీద వేసింది. దూదికి కాస్త రక్తం అంటుకుని ఉంది. చుక్క బుసబుసా పొంగింది.

"మోకాలు గీరుకుపోతే పోస్తామే, నురగొచ్చే మందు? దాని జాతే ఇది. కాకపోతే ఇది చాలా ఘాటుది."

"పూలతో చేసిందని పార్లరావిడ చెప్పింది" అంది మేస్త్రీ భార్య.

"పువ్వు డబ్బా మీదుందమ్మా. రోజూ ఎంతసేపు పెట్టుకున్నారు?"

"అరగంట చాలంది. నేను ఒక్కోసారి రెండు గంటలు ఉంచాను. త్వరగా అయిపోతుందని."

డాక్టరమ్మ తిట్టలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది. పన్ను చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ రాయి కాదు, అందులోంచి మందు దిగుతుంది. దిగి రంగుని విరగ్గొడుతుంది, అందుకే తెల్లబడుతుంది. పై పొర లోంచి కాస్త ఖనిజం కూడా పోతుంది, అది చాలావరకు ఉమ్మి మళ్ళీ పూడ్చేస్తుంది. కానీ మందు అక్కడితో ఆగదు. కొద్ది నిమిషాల్లో పంటి నడుమ గదికి చేరుతుంది. అక్కడ రక్తం ఉంది, నరం ఉంది, గోడ కట్టే కణాలు ఉన్నాయి. వాటి దగ్గర ఆ మందుని నీళ్ళుగా, గాలిగా విరిచేసే సరుకు కొంత ఉంటుంది. ఇప్పుడు పొంగిందే, రక్తంలో ఉన్న ఆ సరుకు వల్లే. మందు కొంచెమైతే కణాలు తట్టుకుంటాయి, రెండ్రోజులు జివ్వుమని తగ్గిపోతుంది. మందు ఎక్కువై, సేపు ఎక్కువైతే ఆ సరుకు చాలదు. కణాలు చస్తాయి, లోపల వాస్తుంది. వాచడానికి అక్కడ చోటు లేదు, చుట్టూ గట్టి గోడలే. అందుకే రక్తం ఆడక ఊపిరాడనట్టవుతుంది.

"మా దగ్గర కూడా పళ్ళు తెల్లబరుస్తాం. చూసి, కొలిచి చేస్తే మామూలుగా ఇంతదాకా రాదు" అంది. "కింది ముందు పళ్ళు పల్చన. ఆ పగులున్న పన్ను ఇంకా పల్చన. చిగురు వారంలో మానిపోతుంది మేస్త్రీ గారూ. నా దిగులు ఆ పన్ను గురించే."

చల్లటి దూది పెట్టి చూసింది. ఆ పన్ను దగ్గర మేస్త్రీ భార్య ఉలిక్కిపడింది, నొప్పి తగ్గడానికి అర నిమిషం పట్టింది.

"నొప్పుందంటే ఇంకా ప్రాణం ఉన్నట్టే. మందు ఆపెయ్యండి, చూద్దాం. దానంతటది తేరుకోవచ్చు."

మేస్త్రీ ముప్పై ఏళ్ళలో కొన్ని వేల పళ్ళు చేశాడు. ఒక్కదానికీ ప్రాణం లేదు. పన్నంటే ఆయనకి ఆకారం, రంగు, అంతే. ఆ లోపల ఒక గది ఉందని, అందులో ఏదో బతకడానికి కొట్టుకుంటోందని విన్న దగ్గర్నుంచీ ఆయనకి అన్నం సయించలేదు. ఆ మందు వెళ్ళింది తన తొడుగులోంచే. డాక్టరమ్మ ఆ మాట అనలేదు, భార్యా అనలేదు. వాళ్ళు అనకపోవడం కూడా ఆయనకి అనుమానంగానే ఉంది.

ఇక రోజూ పొద్దున్నే ఒకటే ప్రశ్న. "చల్లగా తగిలిందా?"

"తగిలింది."

"ఎంతసేపు?"

"గడియారం పట్టుకుని తాగనా?"

ఆవిడ విసుక్కుంటే ఆయనకి హాయిగా ఉండేది. విసుగుందంటే నొప్పుంది, నొప్పుందంటే పన్నుంది. చిగురు డాక్టరమ్మ చెప్పినట్టే వారంలో గులాబీ రంగుకి తిరిగింది. నాలుగో వారంలో ఒక పొద్దున ఆవిడ ఫ్రిజ్‌లోంచి సీసా తీసి, గటగటా సగం తాగి, మూత పెట్టింది. కన్ను మూసుకోలేదు.

"తగ్గిపోయింది" అంది.

చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది, ఎదురింటావిడకి చెప్పింది. అందరూ సంతోషించారు. మేస్త్రీ ఒక్కడే సంతోషించలేకపోయాడు. నొప్పి రెండు కారణాలకి పోతుంది కదా. తేరుకున్నా పోతుంది, చచ్చిపోయినా పోతుంది. కిటికీ దగ్గర ఆవిడ పక్కకి తిరిగినప్పుడు పగులు పన్నులో పలుచగా బూడిద రంగు కనిపించినట్టైంది. తన కన్నుని అంత నమ్మే మనిషి ఆ పూట మాత్రం తన కన్ను తప్పైతే బాగుండుననుకున్నాడు. బలవంతం చేసి మళ్ళీ తీసుకెళ్ళాడు.

కుర్చీ వెనక్కి వాల్చారు. డాక్టరమ్మ తల దగ్గర, మేస్త్రీ కాళ్ళ దగ్గర. "చల్లగా తెలియగానే చెయ్యెత్తండి" అని చెప్పి, ముందు మంచి పన్నుకి దూది ఆనించింది. చెయ్యి లేచింది. పగులు పన్నుకి ఆనించింది. చెయ్యి లేచింది.

మేస్త్రీ ఊపిరి వదిలాడు. చాలా రోజుల తర్వాత ఆయన మొహం విచ్చుకుంది. బతికే ఉంది.

తర్వాత ఆయన చూపు ఆవిడ పాదాల మీద పడింది. మంచి పన్నుకి చల్లదనం తగిలినప్పుడు ఆ కాలి వేళ్ళు ముడుచుకోవడం ఆయన చూశాడు. రెండోసారి వేళ్ళు కదల్లేదు, చెయ్యి మాత్రమే లేచింది. చెయ్యి మనం ఎత్తితే లేస్తుంది, కాలి వేళ్ళు ఎవరూ అడక్కుండానే ముడుచుకుంటాయి. మేస్త్రీ డాక్టరమ్మ కళ్ళలోకి చూసి తల అడ్డంగా ఊపాడు. ఆవిడకి అర్థమైంది. పొడి దూది తీసి, దేంట్లోనూ ముంచకుండా పగులు పన్నుకి ఆనించింది.

చెయ్యి లేచింది.

 తల వెనక్కి వాల్చుకుని పడుకున్న ఆవిడ కళ్ళు అప్పటిదాకా డాక్టరమ్మ వైపు లేవు, దీపం వైపు లేవు. కాళ్ళ దగ్గర నిలబడ్డ మొగుడి మొహం మీదే ఉన్నాయి. ఆయన దిగులుగా కనబడ్డప్పుడల్లా చెయ్యెత్తుతోంది.

"ఒకసారి కళ్ళు మూసుకోండమ్మా" అంది డాక్టరమ్మ.

ఆవిడ మూసుకుంది. డాక్టరమ్మ ఈసారి దూదిని మంచులా చల్లబరిచి పగులు పన్నుకి ఆనించి పట్టుకుంది. ఐదు దాకా లెక్కపెట్టింది. పది దాకా లెక్కపెట్టింది. కాలి వేళ్ళు అలాగే ఉన్నాయి. దూది తీసేసింది.

"ఏమండీ" అంది ఆవిడ, కళ్ళు తెరవకుండానే. "ఇప్పుడు ఎత్తాలా?"

మేస్త్రీకి అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ తను ఆవిడ నోట్లో నంబరు చూస్తుంటే, ఆవిడ తన మొహం చూస్తూ బతికింది. తొడుగు చేసిన తప్పు తన మీద పడకూడదని, తను రేపట్నుంచి అన్నం తినాలని, చచ్చిన పన్నుకి చెయ్యెత్తుతోంది. ఆయన కుర్చీ పక్కకి వచ్చాడు. ఆవిడ చెయ్యి సగం లేచి ఆగి ఉంది, ఎటో తెలియక.

"వద్దు" అన్నాడు, ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించుతూ. "నా కోసం ఇంక ఎత్తకు."